ఈ మొక్క ఇక్కడ బతుకుతుందా?

బెంగళూరులో కాపురముంటున్న తెలుగువాళ్ల ఇంటికి చుట్టాలొస్తే లాల్‌బాగ్ తప్పదు. అది జనవరి నెలాఖరో, ఆగస్టు మధ్యో అయితే మరీను. పుష్ప ప్రదర్శన జరుగుతుంటుంది. టికెట్ల వరస రోడ్డు మీదికి వస్తుంది. గ్లాస్ హౌస్‌లో పూలతో కట్టిన బొమ్మ చుట్టూ ఫోన్లు పైకి లేస్తాయి. పిల్లలు ఐస్‌క్రీమ్ అడుగుతారు, పెద్దలు కూర్చోవడానికి చోటు వెతుక్కుంటారు, అందరూ ఓ ఫొటో దిగి బయటపడతారు. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. కాకపోతే ఆ పూలు పది రోజుల ముచ్చట. తోట అసలు సంగతి తెలియాలంటే జనం పట్టించుకోకుండా పక్కనుంచి నడిచిపోయే చెట్ల దగ్గర ఆగాలి.

1760లో హైదర్ అలీ ఈ తోట వేయించాడు. అప్పటినుంచి దీన్ని ఏలినవాళ్లు చాలామందే. మైసూరు సుల్తానులు, ఈస్టిండియా కంపెనీ వైద్యులు, లండన్ క్యూ ఉద్యానంలో పని నేర్చుకుని వచ్చిన తోట నిపుణులు, మైసూరు మహారాజా సర్కారు, ఇప్పటి కర్ణాటక ఉద్యాన శాఖ. వాళ్ల అవసరాలు వేరు, అభిరుచులు వేరు. కానీ అందరూ వేసుకున్న ప్రశ్న ఒకటే. ఎక్కడో పుట్టిన ఈ మొక్క ఈ నేలలో, ఈ గాలిలో బతుకుతుందా? బతికితే పూస్తుందా, కాస్తుందా? సుమారు 40 ఎకరాలతో మొదలై 240 ఎకరాలకు పెరిగిన ఈ జాగాలో ఇవాళ వెయ్యికి పైగా మొక్కల జాతులున్నాయి. వాటిలో చాలా భాగం ఆ ప్రశ్నకు ‘అవును’ అని జవాబు చెప్పినవి. చచ్చిపోయినవాటికి బోర్డుల్లేవు.

మెయిన్ గేటు వైపునుంచి లోపలికి వస్తే ముందు బండ ఎక్కండి. పైన కెంపేగౌడ పేరుమీద ఉన్న చిన్న మంటపం కోసం అందరూ ఎక్కుతారు, ఊరు కనబడుతుందని. చూడాల్సింది కాళ్ల కింద ఉంది. కొంచెం వంగి చూస్తే రాతిలో తెలుపు, నలుపు చారలు పక్కపక్కనే వంకర తిరిగి పోతుంటాయి. తెల్లగా ఉన్నవి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఖనిజాలు. నల్లనివి బయొటైట్ అనే అభ్రకం, హార్న్‌బ్లెండ్. గ్రానైట్ లాంటి రాయి భూమి లోతుల్లో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనైనప్పుడు పూర్తిగా కరిగిపోకుండానే మెత్తబడుతుంది. అప్పుడు దానిలోని ఖనిజాలు వేటికవి పట్టీలుగా సర్దుకుంటాయి. అలా తయారైన శిలను నైస్ అంటారు. దక్షిణ భారతానికి పునాదిలా పరుచుకున్న ఈ రాతికి ‘పెనిన్సులర్ నైస్’ అని పేరుపెట్టినవాడు మైసూరు భూగర్భ శాఖలో పనిచేసిన డబ్ల్యు.ఎఫ్. స్మీత్. భారత భూగర్భ సర్వే సంస్థ లాల్‌బాగ్ బండను జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది.

దీని వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. భూమి వయసే దాదాపు 454 కోట్ల ఏళ్లు. రాతికి పుట్టినరోజు ఎలా తెలుస్తుందని అడిగేవాళ్లుంటారు. ఇలాంటి రాళ్లలో జిర్కాన్ అనే ఖనిజపు రేణువులు ఉంటాయి, ఇసుక రవ్వకన్నా చిన్నవి. జిర్కాన్ స్ఫటికం ఏర్పడేటప్పుడు యురేనియం పరమాణువులకు చోటిస్తుంది గానీ, సీసాన్ని దాదాపు రానివ్వదు. తర్వాత ఆ యురేనియం తనంతట తాను క్షీణిస్తూ సీసంగా మారుతుంది. యురేనియం-238లో సగం మారడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. ఈ వేగం వేడికీ చలికీ మారదు. కాబట్టి స్ఫటికంలో సీసం ఎంత, మిగిలిన యురేనియం ఎంత అని కొలిస్తే వయసు బయటికొస్తుంది. ఈ బండ ఏర్పడిన నాటికి నేలమీద చెట్లు లేవు. చెట్లు పుట్టడానికి ఇంకా 260 కోట్ల ఏళ్లు పట్టింది. హిందూపురం, మదనపల్లె వైపు గుట్టలు చూసినవాళ్లకు ఈ రాయి కొత్తగా అనిపించదు. అక్కడి నేల కూడా ఈ పాత శిలాఫలకంలో భాగమే.

బండ గురించి ఇంతసేపు ఎందుకంటే, తోట భవిష్యత్తును సగం నిర్ణయించింది ఇదే. నైస్ శిల ఎండకూ వానకూ శిథిలమై ఎర్రమట్టి అవుతుంది. నల్ల ఖనిజాల్లోని ఇనుము ఆక్సైడుగా మారడంతో ఆ రంగు వస్తుంది. ఎర్రమట్టిలో నీరు నిలవదు, వేళ్లు కుళ్లవు. కాని నత్రజని, సేంద్రియ పదార్థం తక్కువ. ఎరువు వేసి, నీళ్లు పెట్టి పెంచుకోవాల్సిన నేల. మిగతా సగం నిర్ణయించింది ఎత్తు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల పైన ఉంది. కిలోమీటరు పైకి వెళ్తే గాలి దాదాపు ఆరు డిగ్రీలు చల్లబడుతుంది. అందుకే మచిలీపట్నంలో మాడిపోయే మొక్క ఇక్కడ తట్టుకుంటుంది, ఊటీ మంచుకు చచ్చిపోయేదీ ఇక్కడ బతికేస్తుంది. ఉష్ణమండలపు మొక్కకూ చలిప్రాంతపు మొక్కకూ చెరి కాస్త చోటిచ్చే ఊళ్లు మనకు చాలా లేవు.

హైదర్ ఈ తోటకు శిరా పట్టణంలోని మొఘల్ తోటను నమూనాగా తీసుకున్నాడు. ఆర్కాటు, ఢిల్లీ, లాహోర్, ముల్తాన్‌ల నుంచి మొక్కలు తెప్పించాడు. టిప్పు సుల్తాన్ ఇంకా ముందుకు వెళ్లి కాబూల్, పర్షియా, టర్కీ, మారిషస్‌ల నుంచి విత్తనాలూ మొక్కలూ రప్పించాడు. దారులకు రెండువైపులా సైప్రస్ చెట్లు, మధ్యలో చదరపు మళ్లు. టిప్పు చనిపోయిన మరుసటి ఏడాది, 1800లో ఇటు వచ్చిన ఫ్రాన్సిస్ బుకానన్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఈ తోటను చూసి వర్ణించి పెట్టాడు. సుల్తాను కాలపు ఏర్పాటు ఎలా ఉండేదో మనకు తెలిసింది అలాంటి రాతల వల్లే.

సరిగ్గా ఇక్కడే మన గోదావరి జిల్లా కథలోకి వస్తుంది. అప్పటికే కంపెనీకి సామర్లకోటలో ఒక తోట ఉంది. దాన్ని నడిపినవాడు విలియం రాక్స్‌బర్గ్. మిరియాలు, నీలిమందు, పట్టుపురుగులకు వేసే మల్బరీ, ఏది లాభం తెస్తుందో తేల్చడానికి ఆయన అక్కడ ప్రయోగాలు చేశాడు. స్థానిక చిత్రకారులను కూర్చోబెట్టి కోరమాండల్ తీరపు మొక్కలకు రంగుల బొమ్మలు గీయించాడు. వాటిలో 300 బొమ్మలు లండన్‌లో మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. 1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా తోటకు వెళ్లిపోయాక సామర్లకోట బాధ్యత బెంజమిన్ హెయిన్ చేతికి వచ్చింది. మైసూరు పతనమయ్యాక కాలిన్ మెకంజీ సర్వే బృందంతో పాటు హెయిన్‌ను ఇటు పంపి, లాల్‌బాగ్‌ను కంపెనీ తోటగా చూసుకోమన్నారు. ఆయనకు వచ్చిన ఆదేశంలో మొహమాటం లేదు. అందంగా ఉందనో, అరుదైనదనో మొక్కను నెత్తిన పెట్టుకోవద్దు, ఉపయోగపడేదానికే పెద్దపీట వేయమన్నారు. నాకైతే లాల్‌బాగ్ చరిత్రలో అన్నిటికన్నా నిజాయితీగా కనబడే కాగితం అదే. సామ్రాజ్యాలకు తోటలు సరదా కోసం కాదు. క్వినైన్ ఎక్కడ పండుతుంది, కాఫీ ఎక్కడ పండుతుంది అన్నది వాళ్లకు సైన్యంతో, ఖజానాతో ముడిపడిన విషయం.

1856లో ఇది ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానమైంది. ఆ తర్వాత క్యూ నుంచి వచ్చిన విలియం న్యూ 1861లో తయారుచేసిన మొక్కల జాబితాలో సింకోనా, కాఫీ, టీ, మకడామియా ఉన్నాయి. ఇవాళ మన ప్రహరీ గోడలమీద విరగబూసే కాగితప్పూల తీగ, బోగన్‌విలియా, కూడా ఉంది.

సముద్రంమీద నెలల తరబడి ప్రయాణం చేసి మొక్క ప్రాణంతో ఎలా వచ్చేది? చాలా కాలం వరకు వచ్చేదే కాదు. ఉప్పునీటి తుంపర, ఎండ, మంచినీటి కరువు కలిసి ఎక్కువ భాగాన్ని దారిలోనే చంపేసేవి. 1830ల ప్రాంతంలో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ ఒక విషయం గమనించాడు. మూతపెట్టిన గాజుసీసాలో తడిమట్టి ఉంటే అందులో మొలిచిన మొక్కకు మళ్లీ నీళ్లు పోయక్కర్లేదు. ఆకులనుంచి బయటికొచ్చిన ఆవిరి గాజుకు తగిలి చుక్కలుగా మారి తిరిగి మట్టిలోకి చేరుతుంది. ఈ సూత్రంతో చేసిన గాజుపెట్టెలను ఓడ పైభాగంలో పెట్టి, వెలుతురు తగిలేలా, ఉప్పు తగలకుండా మొక్కలను ఖండాలు దాటించారు. రాబర్ట్ ఫార్చ్యూన్ చైనానుంచి తేయాకు మొక్కల్ని హిమాలయాలకు చేర్చింది ఈ పెట్టెల్లోనే. ఆ వ్యాపారానికి చిన్న గాజుపెట్టె చేసిన మేలు ఏ ఫిరంగీ చేసి ఉండదు.

లాల్‌బాగ్‌లోని పెద్ద గాజు కట్టడానికి పని వేరు. 1889 నవంబరు 30న రాకుమారుడు ఆల్బర్ట్ విక్టర్ దానికి శంకుస్థాపన చేశాడు. లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దానికి ప్రేరణ. పోత ఇనుము గ్లాస్గోనుంచి వచ్చింది. ఇంగ్లండులో గాజు ఇల్లు చలినుంచి మొక్కను కాపాడటానికి. సూర్యకాంతి గాజులోంచి లోపలికి వస్తుంది, వేడెక్కిన గాలి బయటికి పోలేక లోపలే ఆగిపోతుంది. బెంగళూరులో ఆ అవసరమే లేదు. అందుకే దీన్ని మొక్కలు పెంచే గదిగా వాడలేదు, ఉద్యాన ప్రదర్శనలకు మంటపంగా కట్టారు. చలిదేశపు రూపాన్ని తెచ్చి ఎండదేశపు పనికి వాడుకున్నారన్నమాట.

ఆ కట్టడం వచ్చినప్పుడు తోట అధికారి జాన్ కామెరాన్. 1874 నుంచి మూడు దశాబ్దాలకు పైగా ఆయన ఇక్కడ ఉన్నాడు. ఆయన తెచ్చిపెట్టిన మొక్క ఒకటి ప్రతి తెలుగింటి వంటగదికీ చేరింది. పప్పులోనో పచ్చడిలోనో మనం వేసే బెంగుళూరు వంకాయ. వంకాయతో దానికి చుట్టరికం ఏమీ లేదు. సొర, బీర, దోస కుటుంబానికి చెందిన తీగ, పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. దాన్ని కోసినప్పుడు ఒకసారి జాగ్రత్తగా చూడండి. దోసకాయలో వందల గింజలుంటే దీంట్లో ఒకటే పెద్ద గింజ, చదునుగా, మెత్తగా. గట్టి పెంకు ఉండదు. గింజకు నిద్రాకాలమూ లేదు. కాయ ముదిరి బుట్టలో నాలుగు రోజులు ఉంటే, కింది మడతలోంచి మొలక బయటికొస్తుంది. మొలకకు కావలసిన నీరు, పిండిపదార్థం కాయ కండలోంచే అందుతాయి. అందుకే దీని గింజను విడిగా తీసి నాటరు, కాయను కాయగానే మట్టిలో పెడతారు. తల్లి కాయలో ఉండగానే మొలకెత్తే ఈ పద్ధతిని మడ అడవుల చెట్లలో చూస్తాం, కాయగూరల్లో అరుదు.

ఇక చెట్ల దగ్గరికి.

లాల్‌బాగ్‌లో అన్నిటికన్నా ఎక్కువమంది పిల్లలు ఎక్కి ఫొటో దిగే చెట్టు తెల్లబూరుగ. రెండు వందల ఏళ్లు దాటిందంటారు. మొదట్లో వేళ్లు నేలలోకి దిగే ముందే గోడల్లా లేచి నిలబడి ఉంటాయి, పెద్దమనిషి వాటి మధ్య దాక్కోవచ్చు. పలుచటి నేలలో లోతుకు వేరు దింపలేని భారీ చెట్లకు ఇవి ఆసరా. గాలి ఒకవైపు తోసినప్పుడు వచ్చే బలాన్ని వెడల్పుగా నేలకు పంచేస్తాయి. ఈ చెట్టు సొంత ప్రాంతం అమెరికా ఉష్ణమండలం, పశ్చిమ ఆఫ్రికా. మన అడవుల్లో ఎర్రపూలు పూసే బూరుగకు ఇది దూరపు బంధువు. ఆకులు రాల్చేసి రాత్రిపూట పూస్తుంది. తేనె కోసం గబ్బిలాలు వచ్చి ముఖాలకు పుప్పొడి పూసుకుని మరో చెట్టుకు మోస్తాయి. కాయలోని దూదిని దిండ్లకు వాడతాం గానీ నూలు వడకం, ఎందుకు? పత్తి పోగుకు సహజంగా మెలికలుంటాయి, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. బూరుగ పోగు నున్నటి బోలు గొట్టం, పైన మైనపు పూత. పట్టు దొరకదు. కాని లోపలంతా గాలే కాబట్టి నీళ్లలో మునగదు, తడవదు. కృత్రిమ పదార్థాలు రాకముందు ఓడల్లో ప్రాణరక్షక కవచాలను ఈ దూదితోనే నింపేవారు.

‘రెండు వందల ఏళ్లంటారు’ అన్నది కావాలనే రాశాను. చలిదేశాల్లో చెట్టు వేసవిలో పెరిగి చలికాలంలో ఆగుతుంది, అందుకే కాండంలో ఏడాదికో వలయం పడుతుంది. మనదగ్గర చాలా చెట్లకు అలా స్పష్టమైన విరామం ఉండదు, వలయాలు గజిబిజిగా ఉంటాయి లేదా ఉండవు. టేకు దీనికి మినహాయింపు. వేసవి ఎండకు ఆకు రాల్చి పెరుగుదల ఆపుతుంది కాబట్టి దాని వలయాలు చక్కగా లెక్కకు వస్తాయి. కేరళ టేకు వలయాలనుంచి పాతకాలపు రుతుపవనాల తీరును కూడా శాస్త్రవేత్తలు రాబట్టారు. తక్కిన చెట్లకు నాటిన తేదీ కాగితంమీద ఉంటే సరేసరి. లేకపోతే బోర్డుమీద వయసు పెద్దల మాటే.

నాగమల్లి దగ్గర ఇంకొంచెం ఎక్కువసేపు నిలబడాలి. నాగలింగం అంటే కొందరికి బాగా తెలుస్తుంది. కొమ్మల చివర్న పూయదు. మానునుంచే తాళ్లలాంటి కాడలు వేలాడి, వాటికి పూలు. పువ్వును దగ్గరగా చూస్తే దట్టమైన గులాబీ రంగు రేకుల మధ్య ఒక గుండ్రటి దిమ్మె, దానిమీదికి పడగలా వంగిన ఒక కప్పు. శివలింగం మీద నాగపడగ ఉన్నట్టుందని గుళ్లలో నాటుకున్నాం, పూజకు వాడుతున్నాం. ఇంత పవిత్రంగా చూసుకునే ఈ చెట్టు పుట్టింది దక్షిణ అమెరికా అడవుల్లో. ఆ పడగ వెనక మర్మమూ తక్కువది కాదు. పువ్వులో రెండు రకాల కేసరాలున్నాయి. దిమ్మె చుట్టూ ఉన్న పొట్టి కేసరాల్లో సంతానానికి పనికొచ్చే పుప్పొడి. పడగకు ఉన్న పొడుగు కేసరాల పుప్పొడి కేవలం తేనెటీగలకు మేత. ఈ పువ్వులో తేనె లేదు, మేతే జీతం. పడగ పుప్పొడి కోసం ఈగ ఆ ఇరుకులో దూరి పనిచేస్తుంటే, కింది కేసరాలు దాని తలకూ వీపుకూ అసలు పుప్పొడిని రాసి పంపుతాయి. వీపుమీదిది ఈగ తిరిగి తుడుచుకోలేదు, అది నేరుగా మరో పువ్వుకు చేరుతుంది. పువ్వు కింద మాత్రం ఎక్కువసేపు కూర్చోకండి. కాయలు ఫిరంగి గుండ్లంత ఉంటాయి, చెప్పి రాలవు. పగిలితే వాసన కూడా భరించలేం.

గ్లాస్ హౌస్ పరిసరాల్లో సూదిగా ఆకాశంలోకి లేచిన చెట్లను అందరూ క్రిస్మస్ చెట్లంటారు. అవి కుక్ పైన్‌లు, ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న న్యూ కెలడోనియా దీవులవి. తోకచుక్కలా సన్నగా ఉండే ఈ చెట్లకు ఒక అలవాటుంది, నిటారుగా నిలబడవు. కాలిఫోర్నియాకు చెందిన మాథ్యూ రిటర్, ఆయన తోటివాళ్లు అయిదు ఖండాల్లో 256 చెట్లను కొలిచి 2017లో ప్రకటించారు. సగటున 8.55 డిగ్రీలు వాలి ఉన్నాయి. అది కూడా ఎటు పడితే అటు కాదు. ఉత్తరార్ధగోళంలో ఉన్నవి దక్షిణానికి, దక్షిణార్ధగోళంలో ఉన్నవి ఉత్తరానికి, అంటే అన్నీ భూమధ్యరేఖ వైపే. భూమధ్యరేఖకు ఎంత దూరంలో ఉంటే అంత ఎక్కువ వాలు.

ఇది ఎందుకంత వింత? మామూలుగా చెట్టు వంగితే తనను తాను సరిచేసుకుంటుంది. కొన్ని కణాల్లో పిండిపదార్థపు రేణువులు బరువుగా అడుగుకు దిగి ఉంటాయి. కాండం ఒరిగితే ఆ రేణువులు కణంలో మరో పక్కకు జారతాయి. కింద ఏదో, పైన ఏదో చెట్టుకు అలా తెలుస్తుంది. పైన్ జాతి చెట్లయితే వంగిన వైపు కింది భాగంలో ప్రత్యేకమైన గట్టి కలపను చేర్చి కాండాన్ని పైకి తోసుకుంటాయి. కుక్ పైన్‌కు ఈ యంత్రాంగం లేదా, ఉన్నా పగటి వెలుతురు దాన్ని మించిపోతోందా అన్నది తేలలేదు. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కాబట్టి ఇక్కడ వాలు మరీ ఎక్కువగా ఉండదు. ఫోన్‌లో దిక్సూచి తెరిచి, తూర్పునో పడమరనో నిలబడి చూడండి. ఉత్తరం నుంచి చూస్తే నిటారుగానే కనబడుతుంది, మోసపోతారు. ఇంతకీ, ఈ వాలు సంగతి తెలిసిందే ప్రపంచమంతా తోటల్లో ఈ చెట్టును నాటారు కాబట్టి. సొంత దీవుల్లో మాత్రమే ఉండి ఉంటే, రెండు అర్ధగోళాల మధ్య పోలిక ఎవరికీ తట్టేది కాదు.

సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే నిద్రగన్నేరు కింద నిలబడితే ఆకులు ముడుచుకోవడం మొదలవుతుంది. ప్రతి ఆకు మొదట్లో ఉబ్బెత్తుగా ఒక కీలు ఉంటుంది. అందులో పై వరస కణాలు, కింది వరస కణాలు. పొటాషియం అయాన్లు ఒక వరసనుంచి మరో వరసకు చేరితే వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. నీరు చేరిన వైపు ఉబ్బుతుంది, పోయిన వైపు సడలుతుంది, ఆకు వాలుతుంది. చీకట్లో ఉంచినా కొన్ని రోజులపాటు వేళకు ముడుచుకుంటూ, విప్పుకుంటూనే ఉంటుంది, లోపల గడియారం ఉంది కాబట్టి.

కామెరాన్ తర్వాత వచ్చిన జర్మన్ జి.హెచ్. క్రుంబీగల్ పేరు బెంగళూరు రోడ్లమీద ఇప్పటికీ కనబడుతుంది, బోర్డులమీదే కాదు, చెట్లమీద కూడా. ఏ నెలలో చూసినా ఏదో ఒక వీధి పూసి ఉండాలని ఆయన చెట్లను వంతులవారీగా ఎంచి నాటించాడు. టబెబుయాలు, జకరండాలు, తురాయిలు, ఒకటి వాడేవేళకు ఇంకోటి. టబెబుయా ఎండాకాలం ముందు ఆకంతా రాల్చి ఎందుకు పూస్తుంది? ఆకులే నీటిని ఎక్కువ ఖర్చు చేసేవి. వాటిని వదిలించుకుంటే కాండంలో నీరు నిండుతుంది, ఆ నీటితో మొగ్గలు విచ్చుకుంటాయి. ఆకుల అడ్డు లేకపోవడంతో తేనెటీగకు పువ్వు దూరంనుంచే కనబడుతుంది కూడా. ఈ మూడు చెట్లూ మనవి కావు. టబెబుయా, జకరండా అమెరికా ఖండాలవి, తురాయి మడగాస్కర్‌ది. ముందు తోటలో నిలిచి గెలిచి, తర్వాత వీధికెక్కాయి.

చెట్ల నీడ చల్లగా ఉంటుందని అందరికీ తెలుసు. ఎంత చల్లదనమో లెక్క వేసి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరవడానికి సుమారు 2.4 మెగాజౌళ్ల వేడి కావాలి. బాగా ఎదిగిన పెద్ద చెట్టు నీటికి లోటు లేని ఎండరోజున వంద లీటర్ల దాకా ఆకులగుండా వదలగలదు. అంటే చుట్టూ ఉన్న గాలినుంచి 240 మెగాజౌళ్లు లాగేస్తుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ పన్నెండు గంటలు ఆగకుండా తోడే వేడి ఇంచుమించు ఇంతే. ఏసీ ఆ వేడిని పక్కింటి కిటికీ వైపు వదులుతుంది, చెట్టు ఆవిరితో పైకి పంపేస్తుంది.

అయితే ‘ఇక్కడ బతుకుతుందా’ అన్న ప్రశ్నకు ‘ఓ, బ్రహ్మాండంగా’ అని జవాబు రావడం కూడా ప్రమాదమే. లంటానా అలా వచ్చిందే. 19వ శతాబ్ది మొదట్లో కలకత్తా తోటలో అందానికి పెంచిన ఆ పొద ఇవాళ దేశమంతా అడవుల కింది భాగాన్ని కమ్మేసింది. మన సర్కారు తుమ్మ సంగతి ఇంకా దగ్గరిది. వంటచెరకు కొరత తీరుతుందని 1870ల చివర్లో జమైకా విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో వేశారు. కట్టెలు దొరికిన మాట నిజమే, ఎంతో మంది పేదల పొయ్యిలు దానితోనే వెలిగాయి. కాని చెరువుగట్లు, బీళ్లు, పొలాల అంచులు దాని చేతికి వెళ్లిపోయాయి. ఇప్పుడు కొట్టినా చావదు. మొక్క బతుకుతుందా అని మాత్రమే అడిగి, బతికాక ఎక్కడ ఆగుతుంది అని అడగకపోతే ఇలాగే ఉంటుంది.

హైదరాబాద్ రోడ్ల మధ్య డివైడర్లలో కోనోకార్పస్‌ను విరివిగా నాటి, ఆరోగ్యానికీ పైపులైన్లకూ ముప్పని వ్యతిరేకత వచ్చాక వెనక్కి తగ్గిన సంగతి ఇంకా పాతబడలేదు. ఆ వాదనల్లో ఎంత నిజముందన్నది వేరే చర్చ. నా అభ్యంతరం వరసక్రమం గురించి. ముందు లక్షల్లో నాటి, తర్వాత పరిశీలించడం ఏం పద్ధతి? వృక్షోద్యానం ఉన్నదే ఈ పనికి. పది మొక్కలు ఒక మూల వేసి, ఎప్పుడు నాటారో రాసిపెట్టి, ఇరవై ముప్ఫై ఏళ్లు గమనించి, వేళ్లు ఎటు పోతున్నాయి, విత్తనాలు ఎంత దూరం పడుతున్నాయి, పక్షులూ తేనెటీగలూ వస్తున్నాయా, మొక్క పుప్పొడి ఎవరికైనా పడదా అని తేల్చుకున్నాక వీధిలోకి తేవాలి. లాల్‌బాగ్ రెండున్నర శతాబ్దాలుగా చేస్తున్నది ఇదే. మన మున్సిపల్ పార్కుల్లో దీనికి స్థలం లేకపోలేదు. ఫౌంటెన్‌కూ, సిమెంటు జిరాఫీకీ ఇచ్చే చోటులో పావు వంతు చాలు.

లాల్‌బాగ్ వెళ్లదలచుకున్నవాళ్లకు ఒక మాట. పూల ప్రదర్శన రోజులు వదిలేసి మామూలు పనిరోజు ఉదయాన్నే వెళ్లండి. మెట్రో గ్రీన్ లైన్‌లో లాల్‌బాగ్ స్టేషన్ గేటు పక్కనే ఉంది. బండతో మొదలుపెట్టండి, చెరువు దాకా నడవండి. ప్రతి చెట్టు బోర్డుమీద లాటిన్ పేరును వదిలేసినా ఫరవాలేదు, సొంత ఊరు ఏ దేశమని రాశారో చదవండి. తిరిగొచ్చాక మీ ఊరి పార్కుకు వెళ్లి, అక్కడి చెట్లకు కూడా పేరు, నాటిన ఏడాది, సొంత ప్రాంతం రాసిన బోర్డులు పెట్టమని మున్సిపాలిటీకి ఒక అర్జీ రాయండి.